మీ దిండు గలీబు సంగతి

ఏవండీ, రాత్రి డ్యూటీ నుంచి రాగానే మంచమెక్కకండి, ముందు ఇది చదవండి. మీ దిండు గలీబు బకెట్లో నానబెట్టాను. ఉతికి ఆరేయండి. ఛీ, రెండు వేళ్లతో పట్టుకుని తీశాను. అంతా జిడ్డు, పొట్టు, మీరు గోకి గోకి తెచ్చుకున్న నెత్తుటి మరకలు. మీ దువ్వెన కూడా అంతే. చెత్తబుట్టలో పడేశాను, వెతక్కండి.

ఆ జుట్టు పెరిగే మందు ఇవాళ్టి నుంచి ముట్టుకోవద్దు. నిన్న చర్మం డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. తల పుండయ్యాక కూడా దాని మీదే మందు పోసుకునే మనిషి గురించి ఇప్పుడే వింటున్నానన్నారావిడ. పుండ్లు మానేదాకా ఆపేసి, మిమ్మల్ని వచ్చి చూపించుకోమన్నారు. తర్వాత రాసినా, పూర్తిగా ఆరాకే పడుకోవాలట. మీరేమో తడితలతో పొద్దున్నే దిండు మీద వాలిపోతారు.

నేనెందుకు వెళ్లానంటారా? నా చెంప మీద నల్లగా నూగు మొలిచింది! మీ తల నుంచి మందు దిండుకంటి, దిండు నుంచి నాకంటిందట. భేషుగ్గా పనిచేస్తోంది లెండి, మీ నెత్తి మీద తప్ప. ఆఫీసులో నాతో మాట్లాడే ప్రతివాళ్ల చూపూ ఆ చెంప మీదే.

తిండి టేబుల్ మీద ఉంది. తల గోక్కున్న చేత్తో మూత తీశారో, ఊరుకోను. సబ్బుతో కడుక్కోండి.

మరిచాను, గలీబు రాత్రికల్లా ఆరాలి. మీరు డ్యూటీకి వెళ్లాక నాకు నా దిండు మీద నిద్ర పట్టదు.