బావగారు కారు విప్పేరు

కొత్తపేట,
8-2-1988.

చిరంజీవి ధనరాజుకి బావ ఏసుదాసు దీవెనలు. ప్రభువు దయవల్ల నేనూ మీ అక్కా కులాసా. నువ్వూ కాంతమ్మా పిల్లలూ అంతేనని తలుస్తాను.

రిటైరయ్యేక నేను కొన్న సెకండ్‌హాండ్ చిన్న కారు నువ్వు చూసేవు కదా. వారంగా దాని ముందుభాగం కింద నీళ్ళ చుక్కలు పడుతున్నాయి. మెకానిక్కు లోవరాజు చూసి వాటర్ పంపు పోయిందన్నాడు. పంపు మార్చాలంటే టైమింగ్ బెల్టు విప్పాలట. అరవైవేల కిలోమీటర్లు తిరిగింది కాబట్టి బెల్టు కూడా మార్చెయ్యమన్నాడు. నువ్వే మార్చవయ్యా అంటే, తను లారీలే గాని ఇలాంటి బండి ఎప్పుడూ విప్పలేదనీ, రాజమండ్రి ఈడ్చుకెళ్ళమనీ సలహా చెప్పేడు.

ముప్ఫై రెండేళ్ళు పిల్లలకి సైన్సు చెప్పినవాణ్ణి. నా కారుని తాడు కట్టి ఈడ్చుకెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా నిలబడేది నా శిష్యులే. ఇంట్లో నేనే మార్చేస్తాను. పైగా మన అమ్మాయి సలోమి పురిటికి వచ్చి ఉంది. నెలాఖరుకి డాక్టరమ్మగారు తారీఖిచ్చేరు. అమలాపురం ఆస్పత్రికి దాన్ని నా కారులోనే తీసుకెళ్ళాలని నా పట్టుదల. మీ కారు సామాన్ల షాపు నుంచి బెల్టూ పంపూ పంపి, ఎలా మార్చాలో వివరంగా రాయి.

నీ బావ,
ఏసుదాసు.

తా.క. తమ్ముడూ, నేను హన్నక్కని. కిందటేడు ఈయన గోడగడియారం విప్పి బిగించేరు. బాగానే నడుస్తోంది. మిగిలిపోయిన మూడు స్క్రూలు మాత్రం పోపులపెట్టెలో దాచేను. ఆలోచించి పంపు.

* * *

విశాఖపట్నం,
12-2-1988.

పూజ్యులు బావగారికి ధనరాజు వందనాలు.

సామాను ఈవేళ బస్సు పార్సిల్లో వేసేనండి. ముందు బ్యాటరీ వైరు ఊడదీసి, రేడియేటరులో నీళ్ళన్నీ కిందికి వదిలెయ్యండి. బెల్టు తిరిగే పై చక్రం మీదా కింది చక్రం మీదా చిన్న గుర్తులుంటాయి. అవి ఎదురుగా ఉన్న గీతలకి సరిపోయేక గాని పాత బెల్టు తియ్యకండి. తీసేక ఏ చక్రాన్నీ కదపకండి. కొత్త బెల్టు ఒక్క పన్ను అటూఇటూ అయితే ఇంజను లోపల ఒకదానికొకటి కొట్టుకుని మొత్తం పాడైపోతుంది. అందుకని బిగించగానే తాళం తిప్పొద్దు. స్పానరుతో చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ కలిసేయో లేదో చూసుకోండి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చెయ్యకండి.

మీ బావమరిది,
ధనరాజు.

తా.క. అక్కా, నీకు రహస్యంగా ఓ ముక్క రాద్దామనుకున్నాను గాని, కవరు చింపేది బావగారే కదా. ఈసారి స్క్రూలు మిగిలితే పోపులపెట్టెలో దాచకు.

* * *

విశాఖపట్నం,
19-2-1988.

బావగారికి వందనాలు.

పొద్దున్నే మీ టెలిగ్రాం కాంతమ్మ అందుకుని, షాపుకి పరిగెత్తుకొచ్చింది. "నీళ్ళు ఆగడం లేదు. ఏం చెయ్యాలి" అని చదివేక షాపు కౌంటరు దగ్గరే నిలబడి ఈ ఉత్తరం రాస్తున్నాను. నెలాఖరు అన్నారు, ఇంత ముందుగానా అండీ?

కాంతమ్మ అనుభవంతో చెబుతోంది. దయచేసి ఇటూ అటూ కదిలించకండి. ఎడమవైపుకి తిప్పి పడుకోబెట్టండి. కింద మెత్తగా ఏదైనా వెయ్యండి. మీరు స్వయంగా ఏమీ చెయ్యబోకండి, ఇది తెలిసినవాళ్ళ చేతుల్లో జరగాల్సిన పని. మా షాపు వ్యాను రావులపాలెం వస్తోంది. డ్రైవరు కొండబాబు ఈ ఉత్తరం సాయంత్రానికి మీకు అందిస్తాడు.

కంగారుతో,
ధనరాజు.

తా.క. వేడినీళ్ళు సిద్ధంగా ఉంచుకోమంటోంది కాంతమ్మ.

* * *

కొత్తపేట,
21-2-1988.

చిరంజీవి ధనరాజుకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివేను. కారుని ఎడమవైపు పడుకోబెట్టడం ఎందుకో బోధపడలేదు. అయినా ఆ వ్యాపారంలో ఉన్నవాడివి, ఊరికే రాయవు కదా అని లోపలి నుంచి పరుపు తెచ్చి పరిచేను. వీధిలో ఆరుగురిని కేకేసేను. వాళ్ళు ఒక పక్కన చేతులు వేసి ఎత్తబోతుండగా మీ అక్క వచ్చి, ఎవరు చెప్పేరని అడిగింది. నీ ఉత్తరం చూపించేను. చదివి, అదే పరుపు మీద కూలబడి నవ్వడం మొదలెట్టింది. సలోమి అయితే కడుపు పట్టుకుని, ఇంక నవ్వించొద్దు నాన్నా అని బతిమాలింది.

నీళ్ళు ఆగనిది కారుకి నాయనా. అమ్మాయి నిక్షేపంలా ఉంది.

తప్పు ఎక్కడో లోవరాజు కనిపెట్టేడు. పంపుతో వచ్చిన పల్చటి అట్టముక్క ప్యాకింగు అనుకుని నేను అవతల పడేసేను. పంపుకీ ఇంజనుకీ మధ్య పెట్టే గాస్కెట్టు అదేనట. మళ్ళీ అంతా విప్పేను, అది పెట్టేను, బిగించేను. నువ్వు చెప్పినట్టు స్పానరుతో రెండు చుట్లు తిప్పేను. ఎక్కడా పట్టెయ్యలేదు. గుర్తులు సరిగ్గా కలిసేయి. తాళం తిప్పితే మొదటిసారికే అందుకుంది. అరగంట ఇంజను నడిపి, కింద పరిచిన పేపరు తీసి చూస్తే ఒక్క చుక్క లేదు. ఆ పొడి పేపరు లోపలికి తీసుకెళ్ళి మీ అక్కకీ సలోమికీ చూపించేను. నేను పాఠాలే చెప్పేను గాని, నా చేత్తో ఒక యంత్రాన్ని బతికించడం ఇదే మొదలు.

నీ బావ,
ఏసుదాసు.

తా.క. తమ్ముడూ, ఆ గాస్కెట్టు ఆవకాయ జాడీ మూత కింద దొరికింది. మూత ఊగుతోందని నేనే పెట్టేను. కడిగే ఇచ్చేను గాని, ఇంజను వేడెక్కితే మెంతిపిండి వాసనొస్తోంది.

* * *

విశాఖపట్నం,
24-2-1988.

బావగారికి వందనాలు.

మీ ఉత్తరం అందేదాకా మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదండి. చదివేక కాంతమ్మ ముందు ఏడ్చింది, తరవాత నవ్వింది, ఆ తరవాత మీ ముఖం ఎలా చూడాలని సిగ్గుపడింది. ఇకమీదట టెలిగ్రాం ఇస్తే, కారు అన్న మాట కూడా కలపండి.

మీ
ధనరాజు.

తా.క. సంగతంతా విని మా యజమాని ఇంకో గాస్కెట్టు ఊరికే పంపమన్నారు. ఇది జాడీకి.

* * *

కొత్తపేట,
2-3-1988.

చిరంజీవి ధనరాజుకీ, చిరంజీవి సౌభాగ్యవతి కాంతమ్మకీ శుభవార్త.

మొన్న శనివారం సలోమికి ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. దేవునికి స్తోత్రం.

ఉదయం తొమ్మిదింటికి నొప్పులు మొదలయ్యేయి. కారు తీసేను. ఎక్కడా వేడెక్కలేదు, ఒక్క చుక్క కారలేదు. రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, భయం లేదమ్మా, వచ్చేసేం, అని సలోమికి ధైర్యం చెబుతూనే నడిపేను. ఒక్క మూలుగైనా వినపడలేదు. ఎంత ఓర్పున్న పిల్ల అనుకున్నాను. అంబాజీపేట దగ్గర్నుంచి అరటిగెలల లారీ ఒకటి హారన్ కొడుతూ వెంటపడింది. కారులో పురిటి మనిషిని పెట్టుకుని పక్కకెలా దిగుతాను? అమలాపురం దాకా వాడికి దారివ్వలేదు.

నీ బావ,
ఏసుదాసు.

తా.క. తమ్ముడూ, సలోమి మూలగలేదన్న మాట నిజమే. అది కారులో లేదు. నేను బట్టల సంచీ, ఫ్లాస్కూ వెనకసీట్లో పెట్టి తలుపు వేసి, దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొద్దామని వెనక్కి తిరిగేను. తలుపు చప్పుడు వినగానే ఈయన వెళ్ళిపోయేరు. వీధి చివర లారీ ఆగి ఉంటే, డ్రైవరుని బతిమాలి ముందుసీటు ఎక్కేం. ఆ హారన్ కొట్టించింది నేనే. ఆస్పత్రి గేటు దగ్గర ఈయన వెనక తలుపు తీసి, "నెమ్మదిగా దిగమ్మా" అని సంచీకి చెయ్యి అందిస్తుండగా మేం లారీ దిగేం. మమ్మల్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. గంటలో పాప పుట్టింది.

నిన్న అందరం కారులోనే ఇంటికొచ్చేం. బయల్దేరేముందు ఈయన మూడుసార్లు వెనక్కి తిరిగి మమ్మల్ని లెక్కపెట్టుకుని, "ఎక్కేరాండీ?" అని నన్ను మర్యాదగా అడిగేరు. ఆయ్, అన్నాను. అప్పుడు కదిలింది బండి.