గదిలో లైటు

తమ్ముడూ,

మీ బావ క్యాన్సర్ నొప్పులకి మందవుతుందని, ఈ దేశంలో ఇస్తారు గనక పర్మిషన్ తీసుకుని పెంచుతున్న గంజాయి మొక్క ఉంది చూడు, ఆ మాయదారిది ఏపుగా పెరుగుతోందే గానీ పూత పట్టట్లేదు. రాత్రంతా కటిక చీకటి ఉంటేనే పూస్తుందట. మాకున్నది ఒక్క గది. లైటు తీస్తే మీ బావ చిన్నపిల్లాడిలా బెదిరిపోతారని నీకు తెలుసుగా. అందుకే మొక్కని మీ ఇంట్లో పెట్టుకోమని అడుగుదామని నిన్న ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇక అక్కర్లేదురా. రాత్రి ఆయనే లైటు తీసేయమన్నారు. మొక్క కోసమే కాబోలనుకుని తీసేసి, "భయమేయట్లేదా?" అన్నాను.

చీకట్లో నా చెయ్యి వెతికి పట్టుకున్నారు.

"అలవాటు చేసుకుంటున్నానే" అన్నారు.

ఉత్తరం అందగానే బయల్దేరు.

అక్క