ఉదజని అంటే

కాకినాడ,
9 ఫిబ్రవరి 2026

పెద్దమ్మకి పాదాలంటి నీహారిక రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. అక్కడ నీ మోకాళ్ళూ, గేదే, దాళ్వా వరి చేనూ క్షేమమని తలుస్తాను. ఫోను ఉండగా ఉత్తరమేమిటంటావు. ఫోనులో "తిన్నావా" అని మొదలెట్టి, నేను అసలు మాటకొచ్చేలోగా పెట్టేస్తావు. పైగా ఇది గురువారం గ్రామసభలో, మా ఫ్యాక్టరీకి కాలువ నీరివ్వడానికి మీరు తీర్మానం చేసేముందు, సర్పంచిగా నువ్వు పైకి చదవాల్సిన ఉత్తరం.

మా కంపెనీ కరపత్రంలో, మేం తయారుచేసే హైడ్రోజన్‌ని "ఉదజని" అన్నారు. పక్కనే "అంటే నీటిని పుట్టించేది" అని అర్థం కూడా ఇచ్చారు. పోయిన సభలో నువ్వది చదవగానే శివారు చేల వాళ్ళ మొహాలు ఎలా విచ్చుకున్నాయో చూశాను. వంతు వచ్చినా నీరు రాని కాలువ చివరి వాళ్ళు మరి! మనం కాస్త నీరిస్తే అంతకంత తిరిగొస్తుందనుకున్నారు. రాంబాబు బాబాయైతే, "ఇంక నీళ్ళొదిలే లస్కరుని బతిమాలక్కర్లేదండోయ్, మన నీహారికమ్మకి ఫోను కొడితే కాలవ నిండిపోద్దండి" అన్నాడు. నువ్వు "ఆయ్, మా పిల్ల కంపెనీ మరి" అంటూ నా భుజం మీద చెయ్యి వేశావు. ఆ చెయ్యి బరువు నాకింకా దిగలేదు.

పెద్దమ్మా, ఆ ఫ్యాక్టరీ నీళ్ళివ్వదు, తాగుతుంది. నీటిలోకి కరెంటు పంపి, విడగొట్టి తీసే వాయువది. కిలోకి తొమ్మిది లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. శుద్ధి చెయ్యడానికీ, యంత్రాలు చల్లబరచడానికీ కలిపితే ఇరవయ్యో, ముప్పయ్యో. కరెంటు యాభై యూనిట్ల పైమాటే, నీ ఇంటికి పదిరోజులొస్తుంది. అది సోలారుదైతే మంచిదే. పొద్దు వాలాక బొగ్గు కరెంటుతో నడిపితే మాత్రం, మన దగ్గర లేని పొగ ఇంకో ఊరివాళ్ళు పీలుస్తారు. ఇంతా చేస్తే, సహజవాయువుతో చేసిన దానికంటే రెండు మూడు రెట్లు ఖరీదు. అందుకే మీ కాలువ మీద కన్ను. సముద్రపు నీరు శుద్ధి చేసుకోవచ్చు కదండీ అని మా మేనేజరు గారిని అడిగాను. "ఖర్చెక్కువమ్మా, కాలవ నీరు ఊరికే వస్తోంది కదా" అన్నారు. ఆ 'ఊరికే' అన్న మాటకి శివారు చేలన్నీ నా కళ్ళ ముందు నెర్రెలు విచ్చాయి.

ఉదజని నుంచి నీరు పుట్టే మాట అబద్ధం కాదు. కాని పుట్టేది అది మండిన చోట, ఎక్కడో ఎవరి గొట్టంలోంచో ఆవిరిగా. మన చేలో కాదు.

ఇది చెడ్డపని అనను. పొగ లేని ఇంధనం కావాలనే ఈ ఉద్యోగంలో చేరాను. అడిగి, ఉన్నదున్నట్టు చెప్పి తీసుకోవాలంటాను, అంతే. మీరు ఒక్కటి అడగండి: వేసవిలో కాలువ కట్టేశాక ఫ్యాక్టరీ ఏం తాగుతుందని. ముందే మీ వంతులోంచి తన చెరువు నింపుకుంటుంది. అలా రాసిన కంపెనీ కాగితం నేను చూశాను.

మోకాళ్ళకి నూనె రాసుకోవడం మానకు.

నీ పిల్ల,
నీహారిక

తా.క.: పోయిన సభ అయ్యాక, "ఆ కరపత్రం తెలుగు ఎవరు రాసేరే, ఎంత బాగుందో" అని నువ్వడిగితే ఆఫీసులో ఎవరోనని తప్పించుకున్నాను. నేనే రాశాను పెద్దమ్మా. మాట అందంగా ఉందని మురిసిపోయి పెట్టాను. మీకు వేరే అర్థమైందని అక్కడే తెలిసింది, నీ సంతోషం చూసి నోరు రాలేదు. నా ఉద్యోగం పోతుందని ఈ నాలుగు ముక్కలూ సభలో చదవకుండా కాగితం మడిచేస్తావు, నాకు తెలుసు. మడవకు.