ఆగిపోయిన మూడో చక్రం

మంగళవారం, దుత్తలూరు

ఈ రోజు ఆత్మకూరు కాలేజీలో నా ప్రాజెక్టు చూపించాను. ఉపగ్రహాన్ని తిప్పే మూడు చక్రాల్లో ఒకటి ఆగిపోయినా, మిగిలిన రెండింటితో, సూర్యకాంతి ఒత్తిడి సాయంతో దాన్ని ఒకే దిక్కుకు నిలబెట్టే పద్ధతి అది.

గైడు సారు సగంలోనే ఆపేశారు. "పల్లె బస్సులో వచ్చే పిల్లవి, నీకెందుకమ్మా ఈ ఉపగ్రహాలు? హాజరు వేసే యాప్ ఏదన్నా చెయ్యి, మార్కులేస్తా" అన్నారు.

"లెక్కలో తప్పు ఎక్కడుండాదో చూపించండి సార్, ఇప్పుడే మానేస్తాను" అన్నాను.

ఆయన నేను బోర్డు మీద రాసిన లెక్కను మొదటి నుంచి చివరిదాకా సరిచూశారు. తప్పు దొరకలేదు. అయినా నా ప్రాజెక్టు ఫారం మీద సంతకం పెట్టలేదు.

మార్కులు పోతాయేమోనన్న భయం ఇప్పటికీ ఉంది. కానీ ఇంటికొచ్చాక ఫారం తీశాను. పెన్సిలుతో రాసుకున్న ప్రాజెక్టు పేరు చెరిపేసి, అదే పేరు పెన్నుతో రాశాను.