నా దిక్కు ఒక మనిషి

నాందేడ్
6 అక్టోబర్ 1974

అన్నకు దండం,

మేము చర్చివాళ్లం ఉత్తరంల మొదలు వందనాలు రాస్తం. అట్ల రాస్తే నువ్వు అక్కడనే మడిచి పడేస్తవని దండం అనే రాస్తున్న. పూర్తిగ సదువు.

నేను బాప్తిస్మం తీసుకున్న దినం నువ్వు బావి కాడ నా పేరు మీద స్నానం చేసి, చెల్లె సచ్చింది అని పదిమందిల అన్నవట. ఎనిమిదేండ్లాయె. ఆ కోపం నాకు ఇంకా పోలె, అబద్ధం ఎందుకు.

ఇప్పుడు సంగతేందంటే, నాకు కడుపుల గడ్డ ఉంది. దవాఖానల డాక్టరమ్మ జొన్న కోతల దాక ఉంటే ఎక్కువ అన్నది. బొంబాయి పొమ్మన్నది గని నేను పోనన్న. పోయినా లాభం లేదని ఆమె మొఖమే చెప్తున్నది. మొదలు దేవునితోని బాగ కొట్లాడిన. నీకోసం అందరిని ఇడిశి అస్తే నాకిచ్చేది ఇదేనా అన్న. మూడు వారాలు ప్రార్థన గూడ చెయ్యలె, బడి పిల్లల బట్టలు కుట్టుకుంట మూతి ముడుచుకొని కూసున్న. ఆఖరికి నాకే అలుపచ్చింది. ప్రభువు ఈ లోకంల ఉన్నది ముప్పై మూడేండ్లే. నాకు నలభై ఒకటి నిండినయి. ఇంకా ఏ మొఖం పెట్టుకొని అడగాలె. ఉన్నన్ని దినాలు నా పక్కన ఉండు, సాలు అన్న. ఆనాటి సంది నిద్ర వడ్తున్నది.

సావంటే భయం లేదు. గని పోయిన నెల మా చర్చి వాచ్‌మన్ సుబ్బయ్య పోయిండు. మా చర్చివాళ్లల్ల శవం పెట్టె గుంతల దించినంక మొదలు ఇంటోళ్లు పిడికెడు మట్టి ఎయ్యాలె. ఆయనకు ఎవ్వరు లేరు. పాస్టరయ్య అటు ఇటు చూసి, తనే ఏసిండు. పొద్దంత ఒక్కదాన్నే కూసుంటే నాకు అదే కండ్లల్ల మెదుల్తది. అటుదిక్కు నాకు ప్రభువు ఉన్నడన్నా. ఇటుదిక్కే ఎవ్వరు లేరు.

నేను పోయినంక పాస్టరయ్య పోస్టాఫీసుకు పోయి నీకు తార్ కొడ్తడు. నువ్వచ్చి ఒక్క పిడికెడు మట్టి ఏసి ఎంటనే మర్లి పో. మా ఇంట్ల నీళ్లు గూడ ముట్టకు, నేనేమనుకోను.

నీ చెల్లె
వనమాల


ముఖేడ్
14 అక్టోబర్ 1974

వనమాలా,

నీ ఉత్తరం మీ వదినకు సదివి ఇనిపించిన. అప్పటి సంది ఆమె నాతోని మాట్లాడ్త లేదు. బావి కాడ ఆ దినం గూడ వద్దని నా చెయ్యి పట్టుకున్నది, నేనే ఇనలె. తప్పు చేసిన. నలుగురు ఏమంటరో అని ఎనిమిదేండ్లు పోగొట్టిన.

తార్ గీర్ కొట్టొద్దని మీ పాస్టరయ్యకు చెప్పు. నేను మట్టికోసం రాను. శనివారం పొద్దుగాల ఎస్‌టీ బస్సుకు మేమిద్దరం అస్తున్నం. మీ వదిన నీ కాడనే ఉండిపోతది. ఇంటి పని, చేను పని నేను చూస్కుంట, వారంవారం అస్త.

ఆదివారం నిన్ను చర్చికి నేనే తోల్కపోత. నీ దేవుని సంగతి నాకు తెల్వదు, లోపలికి రమ్మనకు. బయట మెట్ల మీద కూసుంట. నాకోసమని ప్రార్థన జల్ది ముగించకు చెల్లె. ఎంతసేపైనా నేను ఆడనే ఉంట.

మీ అన్న
కిషన్‌రావు