రెండో ఆల్బమ్‌లో నాలుగో పాట

కుళ్ళేటీ లేదురా ధనుంజయ్,

నువ్వడగలేదు గానీ ముందే సెప్పీస్తన్నాను. రాయగడ రైల్వే కాలనీలో నీకు కొత్త ఫ్రెండ్ దొరికేడని నాకు బాధేటీ లేదు. ఆ రవిశంకర్‌కి సొంత గిటారుంటే ఉండనీ. కానీ మనం పడిసచ్చిపోయే మెటల్ బ్యాండు, యాష్ వ్యాగన్, ఆల్ల మూడో ఆల్బమ్‌లోనే గిటార్ టోను గొప్పదని వాయిస్ మెసేజ్‌లో అన్నావు సూడు, అది నీ మాట కాదురా. నీ గొంతులో ఆడు మాటాడితే నాకు తెలీదేటి?

కోరాపుట్ స్టేషన్ గోడ మీద కూకుని మనం ఏటనుకున్నాం? మొదటి ఆల్బమ్ గిటారంటే గున్నయ్య మాస్టారి వెల్డింగ్ షాపులో కటింగ్ మిషన్ ఇనప రాడ్‌ని కొరికినట్టుంటాది. మూడోదాంట్లో అదే రాడ్‌కి పెయింటేసీసేరు. మెరుస్తాది, కొరకదు. ఇది నువ్వే అన్నావు. ఎనిమిదితో బడి మానీసి వెల్డింగ్‌లో సేరేనని, నాకర్థమయ్యేలాగ నువ్వే సెప్పేవు.

మీ ఇల్లు రాయగడ మారిపోయి రైలెక్కేటప్పుడు నీ ఇయర్‌ఫోన్ నాకిచ్చీసేవు కదా. ఇప్పటికీ కుడిదే పెట్టుకుంటాను. ఎడమది నీది. సొక్కా మీద ఊరికే ఏలాడతాది. నువ్వేటి, ఆడితో ఒకే ఇయర్‌ఫోన్‌లో ఇంటన్నావంట?

నీ పృథ్వీ

ధనుంజయ్ గారికి,

మెసేజ్ ఇన్నాను. ఎనకాల ఆ రవిశంకర్ గొంతూ ఇన్నాను. "రెండో ఆల్బమ్‌లో నాలుగో పాట బాగోదంటాడా? ఆ వెల్డింగోడికి గ్రైండర్ మోతే పాటరా" అన్నాడు. నువ్వు నవ్వేవు. ఆ నవ్వు మళ్ళీ మళ్ళీ పెట్టుకుని ఇన్నాను.

ఆ పాట ఖాళీదే. మధ్యలో డ్రమ్స్ కొడతంటే గిటారు ఆగిపోయి ఊరుకుంటాది. నువ్వేమో అక్కడే కళ్ళు మూసుకుని "సోలో సూడరా!" అనీవోడివి. "ఏ సోలోరా?" అంటే "నీకు సెవుల్లేవురా" అనీవోడివి. అప్పుడు మనిద్దరమే ఉన్నాం. అందుకే నేనూ నవ్వీసేను.

ఆదివారం రాయగడ రమ్మన్నావు. రాను. మీ మావయ్యొచ్చినప్పుడు ఇయర్‌ఫోన్ పంపీస్తాను. నంబరు బ్లాక్ సేసీస్తన్నాను.

పృథ్వీరాజ్

ఒరేయ్ ధనుంజయా,

బ్లాక్ తీసీసేను. తిట్టకుండా ఇను. నిన్న కోపంలో నీ ఎడమది కూడా నా సెవిలో పెట్టీసుకున్నాను, ఇంక నీకు సోటు లేదని. ఆ నాలుగో పాటే పెట్టేను, ఎంత సెత్తదో ఇని నిన్ను తిడదామని. మధ్యలో నా కుడి పక్క గిటారు ఆగిపోయింది. అప్పుడు ఎడమ పక్క నుంచి ఇంకో గిటారు లేచిందిరా! సన్నగా మొదలయ్యి, రాడ్‌ని కొరుక్కుంటూ, కొరుక్కుంటూ... సేతిలో టీ సల్లారిపోయింది. గున్నయ్య మాస్టారు "ఏట్రా, కరెంటు కొట్టిందేటి?" అన్నాడు.

ఆల్లు ఒక గిటారు ఎడమకీ ఒకటి కుడికీ పెట్టేరురా. ఇన్నాళ్ళూ నీకొకటి మోగింది, నాకొకటి మోగింది. ఒకే గోడ మీద కూకుని ఒకే పాట ఇనలేదు మనం. మొదటి ఆల్బమ్‌లో ఏడో పాట నీకెప్పుడూ నచ్చదు కదా? దాని బలమంతా నా కుడి పక్కే ఉన్నాది. నీకేటీ ఇనబడలేదు పాపం.

ఆదివారం వస్తన్నాను. ఇయర్‌ఫోన్ తెస్తాను. పక్కలు మార్సుకుని కూకుందాం. నీకు కుడిది, నాకు ఎడమది. రవిశంకర్‌ని ఆ రోజు గిటారు వాయించుకోమను, ఆల్లింట్లోనే.

నీ కుడి పక్కోడు,
పృథ్వీ

ఒక్కటి నిజం సెప్పు. ఆడికి ఏ సెవి ఇచ్చేవు? నాది కాదు కదా?