తువ్వాలు కింద అర నిమిషం

మార్చి 3

ఈ వారం ఎవరికి సువార్త చెబుతారని నిన్న చర్చిలో పాస్టర్‌గారు అడిగారు. నేను టక్కున చెయ్యెత్తేశాను. సెలూన్ పెట్టుకున్నవాడికి మనుషులకేం కొదవ? కుర్చీలో కూర్చున్నవాడు ఇరవై నిమిషాలు ఎక్కడికీ పోలేడు.

మార్చి 5

లెక్కల మాస్టారు వచ్చారు. పదకొండేళ్లుగా నా కస్టమర్. దేవుడు లేడని నా కుర్చీలోనే వందసార్లు రుజువు చేసిన మనిషి. నురగ పూసి, కత్తి గొంతు దగ్గర పెట్టి, పాపం, సిలువ, రక్షణ అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన ప్రతిదానికీ ఊఁ అన్నారు. మనసు కరిగిందనుకుని మురిసిపోయాను. లేచి ముఖం తుడుచుకుంటూ, మెడ మీద కత్తి ఉంటే ఎవడైనా ఊఁ అంటాడోయ్ అన్నారు.

మార్చి 6

మా ఆవిడ పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక, ఆయన చెప్పింది నిజమే కదా అంది.

మార్చి 19

మాస్టారు ఇప్పుడు ఎదురు సెలూన్‌కి వెళ్తున్నారు. నా అద్దంలోంచి కనిపిస్తారు. సిగ్గుతో తల తిప్పుకుంటాను.

ఏప్రిల్ 22

మాస్టారి అమ్మాయి వచ్చింది. నాన్నకి పక్షవాతం వచ్చిందట. కుడి చెయ్యి లేవడం లేదట. గడ్డం ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు, మిమ్మల్నే పిలవమన్నారు అంది. ఒకటే షరతు, నోరు మూసుకుని గియ్యాలట.

షట్టర్ దించి బయల్దేరాను.

మే 11

రోజూ షాపు తెరవకముందే వెళ్తున్నాను. పెదవి వంకరపోయిన చోట చర్మం లాగిపట్టి మెల్లగా గియ్యాలి. నోట్లో నాలుక లేనట్టే ఉంటున్నాను. చివర్లో వేడి తువ్వాలు ముఖం మీద కప్పినప్పుడు మాత్రం ఓ అర నిమిషం కళ్లు మూసుకుంటాను. ఆయనకి కనబడదుగా.

జూన్ 9, ఉదయం 7

కత్తి పక్కన పెట్టమన్నారు. తువ్వాలు కప్పి రోజూ ఏం చేస్తున్నావోయ్ అన్నారు. లెక్కల మనిషి, నిమిషాలు కూడా కొలుస్తారు! ప్రార్థన అన్నాను. ఎవరి కోసమన్నారు. మీకోసమే అన్నాను. ఇప్పుడు చెప్పు, వింటాను అన్నారు.

బట్టీపట్టిన పాయింట్లు ఒక్కటీ గుర్తు రాలేదు. ఒకప్పుడు నేను తాగి, వణికే చేత్తో ఒక కస్టమర్ చెవి కోసింది చెప్పాను. మా ఆవిడ పుట్టింటికి పోయింది చెప్పాను. మూసిన షాపులో యేసయ్యా అని ఏడ్చింది, చెయ్యి వణకడం ఆగింది చెప్పాను. నాలాంటివాడి కోసం చనిపోయి లేచాడు, నాకు తెలిసింది ఇంతే మాస్టారూ అన్నాను. ఆ గదిలో మేమిద్దరమే కాదు, ఇంకొకరు కూడా ఉన్నారనిపించింది.

జూన్ 10

అర నిమిషమయ్యాక తువ్వాలు తీయబోయాను. ఎడం చేత్తో నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఉండవోయ్, నా వంతు ఇంకా అవ్వలేదు అన్నారు.